ఇద్దరు సభ్యుల సంఘం

“సార్‌ను పిలువుండ్రి అమ్మా. సంతకం గావాలె.”

కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ దుర్గేష్ గేటు దగ్గర నిలబడి కవరు చూపించాడు. దానిమీద నార్వే స్టాంపు.

“ఆయన మేడ దిగరు బాబూ. మోకాళ్లు. నేను పెడతాను,” అంది సూర్యకళ.

“నాచారంల ఇన్ని గల్లీలు తిరుగుత. నార్వే ఉత్తరం మీకొక్కరికే. ఎవరమ్మా, చుట్టాలా?”

“ఆయన స్నేహితుడు ఓలావ్. ఇద్దరూ మున్సిపాలిటీ గుమాస్తాలే. మా ఉప్పల్ మున్సిపాలిటీ హైదరాబాద్‌లో కలిసింది. వాళ్ల ఫానా మున్సిపాలిటీ ఎప్పుడో బెర్గెన్ నగరంలో కలిసింది. ఉద్యోగుల పత్రికలో చిరునామా చూసి మావారే మొదట రాశారు. మునిగిన మున్సిపాలిటీల సంఘం అని పేరు పెట్టుకున్నారు. సభ్యులు ఇద్దరే.”

“మరి ప్రెసిడెంటు ఎవరు?”

“పదేళ్లుగా అదే కొట్లాట.”

దుర్గేష్ నవ్వాడు. “సారును జర పైలంగ జూస్కోండ్రి,” అని బండి ఎక్కాడు. ఆ వారంలో గేటు దగ్గర ఆగి మాట్లాడింది అతనొక్కడే.

నాలుగు నెలలుగా ఉత్తరం లేదు. పదకొండింటికి సూర్యకళ రోజూ గేటు దాకా వచ్చి వెళ్తోంది. లోపలికి వెళ్లి కత్తెరతో కవరు అంచు కత్తిరించింది. ఎప్పటిలాగే ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం. పైన ఫైలు నంబరు, 87. సంతకం మాత్రం వేరు.

“జనార్ధనరావు గారికి. నేను ఓలావ్ కూతురు ఇంగ్రిడ్‌ను. నాన్న పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఆయన పేరుతో రాసింది నేనే. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. నిజం చెబితే మీ ఉత్తరాలు ఆగిపోతాయని భయపడ్డాను. ఇది మోసమే. ఇక మీరు రాయకపోయినా తప్పు పట్టను.”

సూర్యకళ రెండుసార్లు చదివింది. కళ్లజోడు తుడిచి మూడోసారి చదివింది. లెటర్‌ప్యాడ్ తెచ్చుకుంది.

జనార్ధనరావుది కోడిగీతల రాత. అందుకే మొదటినుంచీ ఆయన చెబుతుంటే ఆమె రాసేది. కింద ఆయన సంతకం.

ఫైలు నంబరు 88 వేసింది.

“ఇంగ్రిడ్, నాకు కోపం లేదు. నాలుగు నెలలు ఆగినందుకే కోపం. రాస్తూ ఉండు. మీ ట్రామ్ సంగతులు చెప్పు, మా మెట్రో సంగతులు చెబుతాను. సంఘం రద్దు కాలేదు. ఇప్పటికీ సభ్యులు ఇద్దరే.”

ఆయన సంతకం ఉండే చోట పెన్ను ఆగింది.

జనార్ధనరావు పోయిన మూడేళ్లలో మొదటిసారి, కింద తన పేరు రాసింది.