నీటిబొట్టు బండి

మూడోసారి కూడా, పికప్ వెనక తగిలించిన క్యాంపర్ వంకరగానే వెనక్కి వెళ్ళింది. ఎడమ చక్రం వాగు గట్టు అంచుకు జానెడు దూరంలో ఆగింది. అవతల నిలువెత్తు లోతు. గ్లెనిస్ బ్రేకు మీంచి కాలు తియ్యకుండా అద్దంలోకి చూసింది. మొగుడు క్లైవ్ చెట్టు నీడలో మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కదల్లేదు.

"ముందుకు తీసి మళ్ళీ పెట్టు," అన్నాడు అక్కణ్ణించే.

"ఒక్కసారి నువ్వు పెట్టి చూపించొచ్చుగా."

"చూపిస్తే చూస్తావు. చెయ్యడం రాదు."

గ్లెనిస్ పెదవి కొరుక్కుని బండి ముందుకు తీసింది.

కొనే ముందు ఒకసారి వాడి చూద్దామని లాంగ్‌రీచ్ ఊళ్ళో అద్దెకు తీసుకున్న క్యాంపర్ అది. నీటిబొట్టును అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. లోపల ఒక పరుపు. వెనక మూత ఎత్తితే గ్యాసు పొయ్యి. లేచి నిలబడదామంటే తల తగులుతుంది. శనివారం పొద్దున్నే పికప్ వెనక తగిలించుకుని బయల్దేరితే, ఆల్ఫా ఊరి దగ్గర ఈ ఎండిన వాగు పక్కకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా గ్లెనిసే నడిపింది. బండి తగిలించిందీ ఆమే. క్లైవ్ ఇది చెయ్యి, అది చెయ్యి అనడం తప్ప వేలు కూడా కదపలేదు.

నాలుగోసారికి క్యాంపర్ తిన్నగా నిలబడింది. ఆమె కొక్కెం విప్పి, చెమట తుడుచుకునేలోగా క్లైవ్ ఇంకో పని పురమాయించాడు. కుడి చక్రం విప్పేసి స్టెప్నీ వెయ్యమన్నాడు.

పక్కన ఇల్లంత కారవాన్ బండిలో దిగిన బెవ్ అనే పెద్దావిడ టీ కప్పు పట్టుకుని ఇదంతా చూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. మనసులో మాట మనసులో ఉంచుకునే రకం కాదు. నేరుగా వచ్చి చక్రాన్ని కాలితో తన్ని చూసింది.

"గాలి నిండుగానే ఉందిగా. దీన్నెందుకు విప్పడం?"

నేర్చుకోవడానికని క్లైవ్ ముక్తసరిగా చెప్పాడు.

"మరి నేర్పేవాడు కుర్చీకి అతుక్కుపోయాడేం?"

క్లైవ్ టోపీ కిందికి లాక్కున్నాడు.

ఎండ పేలిపోతోంది. నట్లు ముట్టుకుంటే కాలుతున్నాయి. రెండు నట్లు బిగుసుకుపోయి ఊడిరాకపోతే, గ్లెనిస్ రెంచి మీదికెక్కి తొక్కింది. చక్రం వచ్చింది. స్టెప్నీ దొర్లించుకొచ్చి బోల్టులకు ఎక్కిస్తుండగా జాకీ కింద ఇసుక జారింది. బండి ధబ్బున కూలబడింది. చెయ్యి వెనక్కి లాక్కుంది కాబట్టి సరిపోయింది. రెప్పపాటు ఆలస్యమైతే వేళ్ళు నలిగిపోయేవి.

క్లైవ్ ఒక్క ఉదుటున లేచాడు. రెండు అడుగులు వేశాడు. అక్కడే ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"జాకీ కింద చెక్క పెట్టావా?" అన్నాడు.

"లేదు."

"పెట్టి మళ్ళీ ఎత్తు."

బెవ్ కప్పులో మిగిలిన టీ నేల మీద పారబోసింది. తనైతే ఈపాటికి ఆ జాకీ పెట్టి మొగుడి బుర్ర బద్దలు కొట్టి ఉండేదాన్నంది. గ్లెనిస్ వైపు తిరిగి, "ఇలాంటివాడితో ఊళ్ళు తిరగడానికేనా తల్లీ నీకీ బండి?" అని అడిగింది.

గ్లెనిస్ కళ్ళల్లో నీళ్ళు నిండాయి. కానీ ఆమె అన్నది వేరు.

"మీరు వెళ్ళండి. ఇది మా ఇద్దరి సంగతి."

బెవ్ విసురుగా వెళ్ళిపోయింది. గ్లెనిస్ ముక్కు ఎగబీల్చి, చెక్క వెతికి తెచ్చి, జాకీ కింద పెట్టింది. అరగంటకి చక్రం ఎక్కింది.

ఆ సాయంత్రం క్లైవ్ పొయ్యి మూడుసార్లు ఆర్పి మూడుసార్లు వెలిగించమన్నాడు. గ్యాసు వాసనొస్తే ముందు ఏది కట్టెయ్యాలో వల్లె వేయించాడు. ఈ గొడవలో సాసేజీలు మాడిపోయాయి. వాటినే బ్రెడ్డులో పెట్టుకుని తిన్నారు. ఆమె పడుకోబోతుంటే లోపలినుంచి గడియ వేసుకోమని, బయటినుంచి తలుపు గట్టిగా గుంజి చూశాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తరవాత వెళ్ళి పికప్ ముందు సీట్లో ముడుచుకుని పడుకున్నాడు. తెల్లారి అతను నడుం పట్టుకుని దిగుతుంటే, తగిన శాస్తే జరిగిందన్నట్టు బెవ్ తలాడించింది.

తిరుగు ప్రయాణంలో జెరికో ఊరు దాటాక రోడ్డు గీత గీసినట్టు సాగింది. ఎంతసేపటికీ ఒక్క మలుపు రాదు. క్లైవ్ రోడ్డును చూడడం లేదు. ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

"కళ్ళు మండుతున్నాయా?"

"లేదు."

"మండితే మాత్రం ఊరొచ్చేదాకా అనుకోకు. పక్కకి తీసి ఆపెయ్. వెనక్కెళ్ళి పడుకో. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు."

"వందసార్లు చెప్పావు క్లైవ్."

"ఈసారి నువ్వు చెప్పు. ఏం చేస్తావు?"

ఆపేస్తానని, వెనక్కెళ్ళి పడుకుంటానని ఆమె అప్పజెప్పింది. అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

లాంగ్‌రీచ్‌లో బండి యజమాని క్యాంపర్ చుట్టూ తిరిగి చూసి, ఒక్క గీతైనా పడలేదని మెచ్చుకున్నాడు. గ్లెనిస్ ఈ బండినే కొంటామంది. ఇద్దరికీ ఇరుకనిపించలేదా అని అతను నవ్వుతూ అడిగాడు. ఇరుకేం లేదని చెప్పి, ఆమె కాగితాల మీద సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున పదింటికి, లారీ నడుపుతూ కునుకుపట్టి ఎదుటి కారులోని మనిషిని చంపినందుకు క్లైవ్‌కు కోర్టు శిక్ష వేస్తుంది. ఆ తరవాత అతన్ని చూడాలంటే గ్లెనిస్ ఒక్కతే నెలనెలా ఏడువందల కిలోమీటర్ల అవతలున్న జైలుకు వెళ్ళి రావాలి.