యాస అంటకుండా

"బాబుకు మూడేండ్లు నిండినయి మేడం, ఒక్క మాట రాలే. ఇంట్ల ఓన్లీ ఇంగ్లిష్ మాట్లాడతం" అన్నాడు ఉదయ్ గర్వంగా.

స్పీచ్ థెరపిస్టు శోభారాణి వినికిడి రిపోర్టు చూసింది. చెవులు బాగానే ఉన్నాయి.

"మీరు డ్యూటీకి పోతే బాబు ఎవరి దగ్గరుంటడు?"

"మా అమ్మ దగ్గర. ఆమెది పాలకుర్తి యాస. వీనికి అంటుకుంటదని, వీని ముంగట నోరు తెరవద్దన్నం. రెండేండ్ల సంది ఆమె మాట్లాడతలేదు" అన్నాడు, అదే యాసలో.

శోభారాణి పక్క కుర్చీలోని ఉదయ్ తల్లి సోమక్కను అడిగింది. "మంచినీళ్లు తాగుతవా అమ్మా?"

సోమక్క కొడుకు వైపు బెదురుగా చూసి, అడ్డంగా తలూపింది.

ఆమె ఒళ్లోని పిల్లాడు కూడా తండ్రి వైపు చూసి, అచ్చం అలాగే తలూపాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. పిల్లగాడు మంచిగనే నేర్చుకున్నడు" అంది శోభారాణి. "మీ అమ్మ యాసే అంటుకున్నది."