దారం కట్టిన పోర్టు

"లైట్లు వద్దండీ," అంది ఆమె ఫోనులో.

పాత కంప్యూటర్ల దుకాణం ఆయన కాస్త నొచ్చుకున్నాడు. ఆయన అమ్మజూపిన మదర్‌బోర్డు మీద పన్నెండు రంగుల లైట్లున్నాయి. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూస్తారు.

"పోనీ, మీకేం కావాలో మీరే చెప్పండమ్మా."

ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎవరైనా విప్పి మార్చుకోగల ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కే బోర్డు కావాలి. అలాంటివి లోకం మొత్తం మీద కొన్నే ఉన్నాయి. వాటి మోడల్ నంబర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. వాటిలో కూడా పాతకాలపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉన్నదే కావాలి. ప్రాసెసర్ నత్తనడక నడిచినా సర్దుకుంటుంది, ఆ పోర్టు లేకపోతే మాత్రం కుదరదు.

"సీరియల్ పోర్టా! మా తాతల నాటిది కదమ్మా అది. ఇప్పుడెవరు వాడుతున్నారు?"

"నేను."

అంతకుముందు ఆరు దుకాణాలవాళ్లు నవ్వి ఫోన్ పెట్టేశారు. ఈయన పెట్టలేదు. బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నాడు మరి. వెతికి చెబుతానన్నాడు.

ఆమె అనువాదకురాలు. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పనంతా కంప్యూటర్ మీదే. చెల్లెలు పెళ్లయి వెళ్లిపోయాక ఆ ఇంట్లో రోజంతా వినిపించే గొంతు కూడా ఆ కంప్యూటర్‌దే. అది మూగబోతే గోడ గడియారం తప్ప పలకరించే దిక్కు లేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. స్విచ్ వేయగానే, మిగతా ప్రోగ్రాములేవీ కళ్లు తెరవకముందే, ఫర్మ్‌వేర్ లేచి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. ఏదైనా తేడా కొడితే తెర మీద ఓ ముక్క రాసి, జవాబిచ్చేదాకా కదలనని భీష్మించుకుంటుంది. కంపెనీవాళ్లు తాళం వేసిన ఫర్మ్‌వేర్ అది. దాని బుద్ధి మార్చే వీల్లేదు.

కిందటి నెల అలాగే ఆగిపోయింది. పక్కింటాయన వచ్చి, కళ్లజోడు సవరించుకుని, "ఏదో రాసుందమ్మా, నాకేం అంతుపట్టలేదు," అని వెళ్లిపోయాడు. చెల్లెలు ఫోన్ ఎత్తేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఈలోగా చేతిలో ఉన్న అనువాదం గడువు దాటిపోయి, ప్రచురణకర్త ఆ పుస్తకాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేశాడు.

"ఒక్కదానివే ఎందుకక్కా ఈ అవస్థ? మా ఇంటికి వచ్చెయ్," అంది చెల్లెలు. వందోసారి అంది.

"ఇంకొక్కసారి ఎవరినైనా పిలవాల్సి వస్తే వచ్చేస్తాలే," అని నోరు జారింది ఆమె.

చెల్లెలి ఇంట్లో అందరూ మంచివాళ్లే. మంచినీళ్లకు కూడా లేవనివ్వరు, గ్లాసు తెచ్చి చేతిలో పెడతారు. ఆమె భయమూ అదే. ఇక్కడ ఒంటరిగానే ఉంది. ఒక్కోరోజు ఏడుపొచ్చేంత ఒంటరిగా ఉంది. కానీ ఈ ఇంట్లో గ్లాసు ఎక్కడుందో ఆమెకు తెలుసు.

మూడో రోజు దుకాణం ఆయనే ఫోన్ చేశాడు.

"మీ బోర్డు దొరికిందమ్మా. అటక మీదంతా వెతికేసరికి నా నడుం పడిపోయింది. ఇంతకీ ఈ ఓపెన్ సోర్స్ పట్టుదల ఎందుకు? ఎవరైనా మీ కంప్యూటర్‌లోకి తొంగిచూస్తారనా?"

"చూస్తే చూడనివ్వండి. అది నాతో మాట్లాడితే చాలు."

పాపం, యంత్రంతో మాట్లాడే స్థితికి వచ్చిందా అనుకున్నాడు. గొంతు మెత్తబడింది.

"మీ పోర్టు గుర్తుపట్టేలా ఎర్ర స్టిక్కర్ అంటిస్తానమ్మా."

"స్టిక్కర్ వద్దండీ. దానికో దారం కట్టండి."

"దారమా! కంప్యూటరా, గాలిపటమా?"

నవ్వుకుంటూనే కట్టాడు.

పార్సెల్ వచ్చిన రోజు ఆమె పొద్దున్నే పనికి కూర్చుంది. స్క్రూలు బిగించడంలో ఆమెది తిరిగిన చెయ్యి. పాత కంప్యూటర్ సాయంతో బోర్డులోకి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించింది. తాళాలు లేని ఫర్మ్‌వేర్ కదా, తనకు కావలసినట్టు రెండు మూడు లైన్లు మార్చుకుంది. దారం కట్టిన పోర్టుకు అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటి తగిలించింది. స్విచ్ వేసింది.

ఫ్యాన్ తిరిగింది. అంతే, అక్కడితో యంత్రం మొండికేసింది.

సరిగ్గా అప్పుడే కొత్త బోర్డు ఎలా ఉందో కనుక్కుందామని చెల్లెలు ఫోన్ చేసింది. "ఉండవే, ఇది కదలట్లేదు," అంది ఆమె.

"ఏమైందక్కా? మళ్లీ ఆగిపోయిందా? నాకు తెలుసు! ఇక బట్టలు సర్దుకో. ముందు ఫోన్‌ను కంప్యూటర్ తెర వైపు తిప్పు, నేను చూసి చెబుతా."

"అక్కర్లేదే. డిస్కు దొరకలేదట. వైరు వదులైనట్టుంది." ఆమె స్విచ్ ఆపి, వైరు గట్టిగా నొక్కి, మళ్లీ వేసింది. ఈసారి యంత్రం నిక్షేపంగా లేచి కూర్చుంది.

అవతల చెల్లెలికి అది లేచిన చప్పుడు వినిపించింది.

"పక్కింటాయన ఉన్నాడా అక్కడ? తెర మీద ఉన్నది నీకెవరు చదివి పెట్టారక్కా?"

పుట్టుకతోనే చూపు లేని ఆ అక్క, దారం కట్టిన పోర్టులోంచి వచ్చే ప్రతి అక్షరాన్నీ ఇంకా గలగలా పైకి చదువుతున్న డబ్బాను వేళ్లతో నిమురుతూ, "ఇదే చదివిందే!" అంది.