చెప్పొద్దన్నారు

"ఇంకా పైకి చూడమ్మా. రెప్ప వాల్చొద్దు."

రామసుబ్బమ్మ తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. కాసేపటికే ఎడమ రెప్ప జారి కంటిని సగం మూసేసింది. డాక్టర్ శ్రీవిద్య ఆ సంగతి కంప్యూటర్లో ఎక్కించి, "చాలు, దించు" అంది.

కర్నూలులో ఈ పరిశోధన మొదలై ఏడాది దాటింది. జబ్బు పేరు మయస్తీనియా. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి, నరాలు కండరాలకు పంపే కబురును మధ్యలో అడ్డుకుంటుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముక్కుతో వస్తుంది, ముద్ద మింగుడు పడదు, మొహంలో నవ్వు పలకదు. సగంమందికి మాత్రలు మాత్రమే ఇస్తున్నారు. మిగతా సగానికి మాత్రలతో పాటు ఆపరేషన్ కూడా. పక్కటెముకల సందులోంచి చిన్న కెమెరా పంపి, రొమ్ము ఎముక వెనకున్న గ్రంథిని తీసేస్తారు.

ఎవరికి ఆపరేషన్ అయిందో పరీక్ష చేసే శ్రీవిద్యకు తెలియకూడదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది కదా! అందుకే అందరికీ గొంతుదాకా మూసే గౌను తొడుగుతారు. అంతకుముందే నరాల పరీక్ష కోసం నుదుటి మీదా మణికట్టు మీదా తీగలు అతికిస్తారు కాబట్టి లోపలికి వచ్చేసరికి ఎవరికీ బొట్టూ గాజులూ ఉండవు. పరిశోధన వ్యవహారాలు చూసే ప్రదీప్‌కుమార్ ప్రతి ఒక్కరికీ తలుపు దగ్గర ఒకటే పాఠం చెప్పి పంపుతాడు. "పోయినసారికీ ఈసారికీ మధ్య మీకేం జరిగిందో డాక్టరమ్మకు చెప్పొద్దు."

ఇన్ని కట్టుబాట్లున్నా శ్రీవిద్యకు తన కంటి మీద తనకు మహా నమ్మకం.

"ఓబుళేశన్న యాడమ్మా? కనపడలేదే?" అంది.

"రాల్యాదమ్మా." మాట ముక్కులోంచి వచ్చింది.

ఓబుళేశు ఆమె మొగుడు. కమలాపురం నుంచి ప్రతిసారీ వెంట వచ్చి, ఆమెకు నోరు తిరగని మాటలన్నీ తానే చెప్పేవాడు. బయట కూర్చోమంటే వినేరకం కాదు. మొదటిసారే చేతులు జోడించి, "మేడమ్, ఈమె నగితే ఈదంతా ఇనపడేది. ఇట్ల మొగం బిగించుకోని కూర్చుంటే నాకు శానా భయమైతాండాది. ఒక్కసారి నగేట్ల చేయండి, సాలు" అన్నాడు. శ్రీవిద్యకు ఆ మాట మనసులో నిలిచిపోయింది.

"మరి తోడెవరొచ్చినారు?"

"పెద్దోడు."

తలుపు అద్దంలోంచి చూస్తే బల్ల మీద కొడుకు కనిపించాడు. నున్నటి గుండు, భుజాన తువ్వాలు. శ్రీశైలం పోయి మొక్కు తీర్చుకొచ్చినట్టున్నాడు అనుకుంది శ్రీవిద్య. మొక్కు తీరిందంటే ఏదో గండం గట్టెక్కినట్టే.

"పడుకోమ్మా. తల పైకెత్తి పట్టుకో."

తల లేచింది కానీ నిలవలేదు. పడిపోకుండా శ్రీవిద్య మెడ కింద చెయ్యి పెట్టింది. వేళ్లకు తాళి దారం తగల్లేదు.

ఓహో, అనుకుంది. ఆపరేషన్ గదిలోకి మెడలో ఏదీ ఉండనివ్వరు. తీసిన తాళిని ఆసుపత్రి మంచం మీదే వేసుకోవడానికి ఈ పక్క ఆడవాళ్లకు మనసొప్పదు. ఇంటికి పోయి, మంచిరోజు చూసుకుని, దేవుడి దగ్గర పెట్టి వేసుకుంటారు. ఇలాంటి మెడలు ఆమె ఈ ఏడాదిలో చాలానే చూసింది. ఎవరూ చెప్పకుండానే అన్నీ తెలిసిపోతున్నందుకు లోపల కొంచెం గర్వంగానే ఉంది. పైగా, పాపం, ఈమెకు ఆపరేషన్ పడినందుకు సంతోషం కూడా వేసింది.

"లేచి కూర్చో. ఏదీ, ఒకసారి నవ్వు."

రామసుబ్బమ్మ పెదవుల చివరలు కదల్లేదు. జారుతున్న దవడను అరచేత్తో ఆనించి పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. కంట్లోంచి నీళ్లు కారాయి. రెప్ప పట్టు తప్పిన వాళ్లకు కన్ను కారడం మామూలే. శ్రీవిద్య దూదితో తుడిచింది.

"డాక్టరమ్మా... మా ఇంట్లో..."

"ఉష్! ఏం చెప్పొద్దు. నాకు తెలియకూడదు."

"సెప్పగూడదా?"

"చెప్తే ఇంతమంది పడిన కష్టం దండగైపోతుందమ్మా."

రామసుబ్బమ్మ తలూపింది. తెరిచిన నోరు దవడ కింది చేత్తోనే మూసుకుంది.

శ్రీవిద్యకు జాలేసింది. "దిగులు పడొద్దు. ఏం చేసినా వెంటనే గుణం కనపడదు, నెలలు పడుతుంది. ఈసారి ఓబుళేశన్నను పిల్చుకోని రా. ఆయన ముందరే నవ్వుదువుగానీ."

"సరేమ్మా."

ఆ గొంతులో ఏమీ లేదు. కొడుకు వచ్చి రెక్క పట్టుకుంటే మెల్లగా నడిచి వెళ్లిపోయింది.

శ్రీవిద్య చేతులు కడుక్కుని ప్రదీప్ గదికి వచ్చింది.

"ఏమప్పా ప్రదీప్, నీ గౌను గొంతు మూస్తాంది గానీ మెడ వెనక మూస్తాలేదే!"

"అంటే ఏంది మేడమ్?"

"తల ఎత్తించేటప్పుడు మెడ కింద చెయ్యి పెడతా కదా. ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు దారం ఉండదు. ఇప్పుడు పోయిన రామసుబ్బమ్మనే చూడు. పాపం, ఆమె ఏదో చెప్పబోతే నేనే నోరు మూయించినా. కానీ ఆమె చెప్పేదేముంది, చెయ్యి పెట్టంగానే నాకు తెలిసిపోయింది. రేపటి నుంచి పొడుగు కాలరు కుట్టించు."

ప్రదీప్ నవ్వలేదు. కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి.

"ఎవరు మేడమ్? కమలాపురం ఆమేనా?"

"ఆమే. ఏం?"

"మీకు చెప్పకూడదు మేడమ్."

"తెలిసిపోయిందంటాంటే ఇంక చెప్పకూడనిదేంది?"

ప్రదీప్ అద్దంలోంచి బయటికి చూశాడు. గుండు కుర్రాడు తల్లిని మెట్లు దింపుతున్నాడు.

"ఆమెకు ఆపరేషన్ చేయలేదు మేడమ్."