అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి

“క్షమించండి. అర్థం కాలేదు. దయచేసి స్పష్టంగా మళ్ళీ చెప్పండి,” అంది ఫోను.

“ఇంతకన్నా స్పష్టంగా ఎవడు చెప్తాడు?” వార్తలాయన ఫోనును భోజనాల బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నాడు. “నేత్ర వైద్య విభాగం. శుక్లాల శస్త్రచికిత్స నిమిత్తం.”

“క్షమించండి. అర్థం కాలేదు.”

రేడియోలో వార్తలు చదివి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ ఆయన వార్తలాయనే. ఎదురుగా కూర్చున్న భార్యకు కుడికన్ను పూర్తిగా మసకబారింది. ఎడమది కూడా అదే దారిలో ఉంది. నిన్న మూత అనుకుని కాలుతున్న పెనం పట్టుకుని చెయ్యి బొబ్బలెక్కించుకుంది. ఆసుపత్రివాళ్ళు ఆపరేషనుకు తేదీలు ఫోనులోనే ఇస్తారు, అదీ ఈ మధ్యాహ్నం వరకే. ఆ తర్వాత పెద్ద డాక్టరు సెలవులో వెళ్తాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో చెప్పలేరట.

“నన్ను మాట్లాడనివ్వండి,” అందామె.

“నువ్వా? నా మాటే పట్టని యంత్రానికి నీ మాట పట్టేనా? సగం అక్షరాలు మింగేస్తావు!”

ఆమె లారీ డ్రైవరు కూతురు. పుట్టింట్లో ఇంజను హోరులోనూ వినపడేలా గట్టిగా, గబగబా మాట్లాడటమే అందరికీ అలవాటు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఏం చెప్పబోయినా ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు,” అనేవాడు. నలుగురిలో ఉన్నా అంతే. పోనుపోను ఎవరైనా వస్తే ఆమె వంటింట్లోనే ఉండిపోవడం నేర్చుకుంది. ఒళ్ళు మండేది. అయినా ఆ గొంతంటే ప్రాణం. ఆయన చదివిన వార్తలు ఒక్కరోజూ వదలకుండా విన్నది ఆమే. ఆయన వినలేదు, ఆ వేళకు స్టూడియోలో ఉండేవాడు కదా. రిటైరయ్యాక కూడా గొంతు మూలపడకూడదని, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికెళ్ళి ఏ కాగితం ఇస్తే అది మైకులో చదివి వస్తుంటాడు.

“నేత్రములు!” అని ఆయన ఫోను మీదికి వంగి అరిచాడు. “చక్షువులు! నయనములు!”

“దయచేసి స్పష్టంగా మళ్ళీ చెప్పండి.”

ఆయన ముఖం కందగడ్డలా అయింది. “ఎవడే వీడు? ఆ దర్పం చూడు! లోకంలో తనొక్కడికే భాష వచ్చినట్టు! ఎదురుగా ఉంటే నాలుగు దులిపేసేవాణ్ణి.”

ఆమెకు నవ్వాగలేదు. గోడ గడియారం గంట కొట్టడంతో ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఇంక ఈయనతో పెట్టుకుంటే తెల్లారినట్టే అనుకుని, ఫోను లాక్కుంది.

“ఏవండీ, కంటాపరేషనుకి డేటు కావాలి. కుడికన్ను. తొందరగా చూడండి, చేతులు కాల్చుకుంటున్నా.”

“యంత్రాన్ని పట్టుకుని ‘ఏవండీ’ ఏమిటే!” అని ఆయన తల పట్టుకున్నాడు.

“కంటి ఆపరేషన్. కుడి కన్ను,” అంది ఫోను, ఎంతో మర్యాదగా. “గురువారం ఉదయం రండి. ధన్యవాదాలు.”

ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన నోరు తెరుచుకుని ఫోనునీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

“నా మాట పట్టనివాడికి నీ మాట ఒక్కసారికే ఎలా పట్టింది?”

“ఇన్నేళ్ళకు పట్టింది. అదే పదివేలు.”

“ఇన్నేళ్ళకేమిటి? వాడు నీకు ముందే తెలుసా? అసలు ఎవడు వాడు?”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఆ గొంతు మీదేనండీ.”