గేటు కాడి బ్రోకరు

"బిడ్డా, మీది ఏ దేశం కేసు?"

యాకమ్మ తల తిప్పి చూసింది. ఇస్త్రీ చేసిన తెల్లంగి, చంకల సంచి. అరవై దాటిన మనిషి.

"మీకెందుకు?"

ఆయన ముందుకు జరిగి ఇంకో ఆమెను అడిగిండు.

"నీ పెనిమిటి పేరేంది బిడ్డా? జైల్ల ఉన్నడా?"

హన్మకొండల ఆ మీటింగు హాలు ముంగట పొద్దుగాల్ల నుంచి లైను. పరాయి దేశాల్ల పనికి పోయినోళ్ల గోస విని సర్కారుకు సలహా చెప్పనీకి వేసిన కమిటీ వచ్చింది. రిటైరైన రాయబారులు, లేబర్ ఆఫీసర్లు లోపల కూసున్నరు. ఇక్కడ చెప్పుకున్నది ఢిల్లీకి పోతది, ఢిల్లీ నుంచి ఆ దేశపోళ్ల చెవిన పడుతదని అందరి ఆశ.

యాకమ్మకు అంత దూరం ఎరుక లేదు. ఆమె మొగడు ఉప్పలయ్య బతకాలె. గంతే.

గల్ఫుల లేబర్ క్యాంపు. నీళ్ల కాడ లొల్లి. ఉప్పలయ్య నూకిండు. ములుగు దిక్కు పోరడు సాయితేజ మెట్ల మీద నుంచి పడ్డడు, మళ్ల లేవలే. అక్కడి కోర్టు ఉరిశిక్ష వేసింది. చచ్చినోని ఇంటోళ్లు మాఫ్ చేసినమని సంతకం పెడితేనే ఉరి ఆగుతది. అది అక్కడి చట్టం.

కులపెద్దలు ములుగు పోయొచ్చిండ్రు. సాయితేజ ఇంటోళ్లు తలుపు తియ్యలే. యాకమ్మ పోలే. ఆ గడప ముంగట ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె?

మొన్న జైలు నుంచి ఉప్పలయ్య ఫోన్ చేసిండు.

"రూము మార్చిండ్రు," అన్నడు.

"మంచి రూమేనా?"

ఇనుప తలుపు పడ్డ సప్పుడు ఇనొచ్చింది.

"ఆ తెల్లంగాయన ఎవలు?" యాకమ్మ వెనుక నిలబడ్డ పిల్లను అడిగింది. పేరు లావణ్య. తమ్ముడు పనికి పోయి పత్తా లేడని వచ్చింది.

"ఇంకెవలక్కా, బ్రోకరే. ఇట్లనే పేర్లు, ఊర్లు అడుగుతరు. రేపు ఇంటి ముంగట దిగుతరు. నాకు మినిస్టర్ తెలుసంటరు. మా అమ్మ పుస్తెలతాడు గట్లనే పాయె."

"మా ఇంటికి గూడ ఒకడొచ్చిండు. జైల్లకు బట్టలు పంపిస్తనన్నడు. మా పెండ్లి ఫోటో గూడ పట్కపోయిండు."

"ఫోటో ఏం చేసుకుంటడక్కా?"

"ఏమో. వాని ఇంట్ల పీనుగెల్ల."

ముసలాయన మళ్ల వచ్చిండు. ఈసారి తిన్నగ ఆమె కండ్లల్లకు చూసిండు.

"ఉప్పలయ్య మనుషులెవలన్న వచ్చిండ్రా బిడ్డా?"

యాకమ్మ లావణ్య దిక్కు జరిగింది.

"ఆ పేరు నీకెట్ల తెలుసు?"

"నువ్వేనా ఆయన ఇంటామెవు?"

"సూసినవా లావణ్యా! ఇంటోళ్ల పేర్లు గూడ ఏరుకొచ్చిండు! ఎంతకు అమ్ముకుంటవయ్యా మా ఏడుపు?"

"గది కాదు బిడ్డా, నేను..."

"బిడ్డా గిడ్డా అనకు! ఓ సారూ, ఇగో బ్రోకరు! ఇక్కడ బ్రోకరున్నడు!"

లైను ఒక్కసారే కదిలింది. ఆ లైన్ల బ్రోకరు చేతిల మోసపోని ఇల్లు లేదు. ఎవలో కాలర్ పట్టిండ్రు. గుండీలు తెగినయ్. ఒకామె చెప్పు తీసింది.

"సంచి గుంజుండ్రి!"

"వీసా ఇచ్చి వాన్నే విమానం ఎక్కియ్యుండ్రి!" ఎవలో అన్నరు. నలుగురు నవ్విండ్రు.

ముసలాయన చేతులు అడ్డం పెట్టుకోలే. యాకమ్మ దిక్కే చూస్తాండు.

ఆ చూపుకు ఆమె ఇంకింత రేగింది.

"ఏం చూస్తానవ్? నీ కొడుకు గిట్ల పరాయి దేశంల పోతే తెలుస్తది నీకు!"

ఆయన సంచిని గుండెలకు అదుముకున్నడు.

హోంగార్డు వచ్చి రెక్క పట్టిండు. "నడువ్ పెద్దాయనా. నీ దందా ఇక్కడ నడవది."

ఆయన గుంజుకోలే. చిరిగిన అంగీని చేత్తో దగ్గరికి పట్టుకొని గేటు దాటి పోయిండు. వెనక్కి తిరిగి చూడలే.

"మంచి పని చేసినవక్కా," అన్నది లావణ్య.

ఎన్ని నెలలకో ఎవలో ఒకరు యాకమ్మ చేతికి దొరికిండ్రు. జర పాణం తేలికైంది.

ఇంకాసేపటికి లోపలి నుంచి పిలుపొచ్చింది. "ఉప్పలయ్య కేసు!"

హాలు చల్లగున్నది. పొడుగు బల్ల. నడుమ కూసున్న సుభాషిణి మేడం ఒకప్పుడు ఆ దేశంల పెద్ద ఆఫీసరుగ చేసిందట. మెత్తగ మాట్లాడింది. దవాఖానల చెడ్డ మాట చెప్పేముందు డాక్టరు మాట్లాడినట్టు.

"కూర్చో అమ్మా. రూము మార్చారని చెప్పాడా?"

"చెప్పిండు మేడం. మంచిదేనా?"

మేడం పక్కాయన దిక్కు చూసింది. పక్కాయన బల్ల దిక్కు చూసిండు.

"ఇక టైం లేదమ్మా. మేము సలహా ఇవ్వగలం. మన రాయబారి వాళ్లను బతిమాలగలరు. అంతకుమించి మా చేతుల్లో లేదు. వాళ్లు అడిగేది ఒక్కటే, ఆ అబ్బాయి ఇంటివాళ్ల సంతకం."

"వాళ్లు పెట్టరు మేడం. తలుపే తియ్యలే."

"తీశారు. నేనే ఫోన్ మీద ఫోన్ చేశాను. నిన్న ఒప్పుకున్నారు."

యాకమ్మ లేచి నిలబడ్డది.

"ఆళ్ల కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంట మేడం. ఎక్కడున్నరు?"

సుభాషిణి మొఖంల నవ్వు లేదు. చేతిలున్న ఫోన్ బల్ల మీద బోర్ల పెట్టింది.

"బయట నిన్నెవరూ కలవలేదా అమ్మా?"

"లేదు మేడం. ఎవలు?"

"సాయితేజ వాళ్ల నాన్న సంతకం పెట్టడానికే పొద్దున్నే వచ్చారమ్మా, ముందు ఒక్కసారి నీ ముఖం చూడాలన్నారు, ఇందాక గేటు బయటి నుంచి ఫోన్ చేసి, 'చూసిన మేడం, ఇగ పోత' అని పెట్టేశారు."