పనికిరాని ఎలక్టివ్

"చేతులు తిప్పే చదువుకు కాలేజీ ఎందుకే? కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసును రెండు రోజులు చూస్తే వచ్చేస్తుంది!"

ఈ మాట ఎదురుగా నిలబడ్డ కూతురికే కాదు, వీధి మలుపులో బస్సు కోసం చూస్తున్నవాళ్ళకు కూడా వినిపించింది. వినిపించదూ మరి! పాతికేళ్ళుగా మైకు సెట్లు అద్దెకిచ్చీ ఇచ్చీ ఆయన గొంతే ఒక లౌడ్‌స్పీకరైపోయింది. ఆయన తుమ్మితే రెండు వీధుల అవతల ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడి లేస్తారని చెప్పుకుంటారు. సగమైనా నిజమే అయ్యుంటుంది. అసలు పేరు ఏనాడో మరుగున పడి, ఊరందరికీ ఆయన మైకయ్య.

బల్ల మీద విప్పి పెట్టిన ఆంప్లిఫయరు పక్కన కాలేజీ ఫారం ఉంది. అందులో 'సైగల భాష' ఎదురుగా టిక్కు. కింద సంతకం పడాలి. పన్నెండింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి. ఇది ఆఖరి సంవత్సరం. దాటిపోతే మళ్ళీ దొరకదు.

"ఫిజిక్సన్నావు, తీసుకున్నాను. లెక్కలన్నావు, తీసుకున్నాను. ఈ ఒక్కటైనా నన్ను ఎంచుకోనీ నాన్నా."

"ఎంచుకో. ఎలక్ట్రానిక్స్ ఎంచుకో. కొట్టుకు పనికొస్తుంది. ఇది దేనికి పనికొస్తుంది?"

"మెయిన్ సబ్జెక్టు పొట్ట కోసమట. ఎలక్టివ్ మనలో ఉన్న వెలితి కోసమట. మా మేడం చెప్పింది."

"మీ మేడానికి ఒక మైకిస్తాను, చెప్పుకోమను."

ఎదురుకొట్టు గడియారాల మేస్త్రి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈ గొడవ వినడానికి ఆయన రావలసిన పనిలేదు, తన కొట్లోనే వినబడుతుంది. చూడటానికి వచ్చాడు.

"పోనీలే బావా, పిల్ల మొహం చూసైనా పెట్టు సంతకం."

మైకయ్య పిల్ల మొహం చూశాడు. చూసేసరికి ఆయనకు కొత్త అనుమానం పుట్టింది.

"అసలు ఎవరితో మాట్లాడటానికే?"

పిల్ల తల వంచుకుంది.

"అదీ సంగతి! ఎవడు వాడు?"

"వాడూ లేడు, వీడూ లేడు."

"మరి?"

"ఒకరితో చెప్పుకోవాల్సినవి చాలా ఉండిపోయాయి నాన్నా. వాళ్ళు చెబితే వినాల్సినవీ ఉండిపోయాయి."

"విన్నావా మేస్త్రీ? ఒప్పేసుకుంది!"

"అది కాదు బావా, పిల్ల అనేదేమిటంటే..."

"నువ్వూరుకో! గడియారాలు తప్ప ఆడపిల్లల సంగతి నీకేం తెలుసు?" అని మైకయ్య బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. మైకు దొర్లి స్పీకరు పెట్టె మీద పడి కీచుమని అరిచింది. మేస్త్రి చెవులు మూసుకున్నాడు. పిల్ల మూసుకుంది. అరుగు కింద కుక్క తోక ముడిచి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే మేడ మెట్లు దిగి టీ తెచ్చిన మైకయ్య భార్య మాత్రం రెప్ప కూడా వేయలేదు. గ్లాసుల్లో టీ తొణకలేదు.

"అదీ సంసారం చేసే మనిషంటే!" పొంగిపోయాడు మైకయ్య. "ఇరవై రెండేళ్ళయింది. ఈ మోతకు వీధంతా నాతో తగువు పడింది. మీ అమ్మ ఒక్కరోజు విసుక్కుందా? ఎదురు చెప్పిందా? నేనిలా చూస్తే చాలు, మంచినీళ్ళు తెస్తుంది. మీ అమ్మ ఏ ఎలక్టివ్ చదివిందే?"

మేస్త్రి టీ తాగడం మాని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"సరే, చెడ్డపేరు నాకెందుకు? తల్లి వేలిముద్ర అయినా చాలని ఈ ఫారంలోనే ఉంది. ఇదిగో మీ అమ్మ. ఆ కోర్సు ఎందుకు కావాలో చెప్పు. సరేనంటే వేలికి సిరా నేనే పూస్తాను."

పిల్ల తల్లివైపు తిరిగింది. నోరు తెరిచింది. మూసేసింది. మళ్ళీ తండ్రివైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. తల్లి కొంగు పట్టుకుని పిల్ల అలాగే నిలబడిపోయింది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి, జ్వరమేమోనని ఆవిడ కూతురి నుదుటి మీద చెయ్యి వేసింది.

"చూశావా మేస్త్రీ! తల్లి ముందు నోరు పెగల్లేదు. మంచి సంగతే అయితే చెప్పలేకపోయేదా?"

మైకయ్య ఫారం లాక్కున్నాడు. పిల్ల పెట్టిన టిక్కు అడ్డంగా కొట్టేసి, ఎలక్ట్రానిక్స్ దగ్గర తను ఒకటి పెట్టి, కింద సంతకం గీకాడు. పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టుకుని కాలేజీ దారి పట్టింది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, కూతురు మలుపు తిరిగేదాకా చూసి, గ్లాసులు ఏరుకుని మేడెక్కింది.

"ఏమంటావు?" అన్నాడు మైకయ్య, గెలిచినవాడి ధీమాతో.

మేస్త్రి స్టూలు పక్కకు నెట్టి, లేచి తన కొట్టుకు వెళ్ళిపోయాడు.

ఆవిడకు పుట్టుకతోనే వినికిడీ లేదు, మాటా లేదు.